బాట్‌తో బేరం: మ్యాజిక్ ఆన్‌లైన్‌లో కార్డులు కొనడం, పోగేయడం, అమ్మడం

బడి రోజుల్లో ట్రంప్ కార్డులు మార్చుకున్నవాళ్ళకి ఈ వ్యాపారం కొత్తేమీ కాదు. నా దగ్గర రెండున్న కార్డు నీకిస్తాను, నీ దగ్గర రెండున్నది నాకివ్వు. నచ్చకపోతే మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో ఇంకొకడిని అడుగుతాం. ఆన్‌లైన్ కార్డు ఆటల్లో ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఇప్పటికీ నిజంగా సాగే చోటు ఒకటుంది: మ్యాజిక్ ఆన్‌లైన్. రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారుచేసిన 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' 1993లో కాగితం కార్డులతో మొదలైంది. దాని ఆన్‌లైన్ రూపం 2002లో వచ్చింది, 2022 నుంచి దాన్ని డేబ్రేక్ గేమ్స్ నడుపుతోంది. తేడా ఏమిటంటే ఇక్కడ మీకు ఎదురుగా కూర్చుని బేరమాడేది మనిషి కాదు, బాట్, అంటే తనంతట తానే పనిచేసే ప్రోగ్రాం.

నేను ఈ ఆటలో పోగొట్టుకున్న డబ్బులో ఎక్కువ భాగం ఆట ఓడిపోవడం వల్ల పోలేదు. కార్డులు ఎలా కొనాలో, ఎలా అమ్మాలో తెలియక పోయింది. కొత్తగా వచ్చేవాళ్ళకి ఆ నష్టం జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మీ ఆటలో కార్డు చేతులు మారుతుందా?

డబ్బు పెట్టే ముందు తేల్చుకోవాల్సిన మొదటి విషయం ఇదే. ఆన్‌లైన్ కార్డు ఆటలు రెండు రకాలు. హార్త్‌స్టోన్, మ్యాజిక్ అరీనా లాంటివాటిలో కార్డు ఇంకొకరికి ఇవ్వలేరు, అమ్మలేరు. అక్కడ పెట్టిన రూపాయి సినిమా టికెట్ కొన్నట్టే, తిరిగి రాదు. మ్యాజిక్ ఆన్‌లైన్‌లో మాత్రం దాదాపు ప్రతి కార్డునూ ఇంకో ఆటగాడికి ఇవ్వొచ్చు. కాబట్టి దానికో ధర ఉంటుంది, ఆ ధర రోజూ మారుతుంది.

'బాట్' అనే మాటకు అర్థం కూడా ఈ తేడాతోనే మారిపోతుంది. హార్త్‌స్టోన్‌లో బాట్ అంటే మీ బదులు ఆట ఆడిపెట్టే ప్రోగ్రాం. అది మోసం కిందకే వస్తుంది. 2014 అక్టోబర్‌లో ఆ ఆట నడిపే బ్లిజార్డ్ సంస్థ అలాంటి ఖాతాలను వేలల్లో మూసేసింది. మ్యాజిక్ ఆన్‌లైన్‌లో బాట్ అంటే కొట్టు. ఎవరో వ్యాపారి ఒక ఖాతా తెరిచి, అందులో కార్డులు నింపి, అమ్మకం కొనుగోలు రెండూ ప్రోగ్రాంకి అప్పగిస్తాడు. అది రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది.

ఈ కొట్లు ఎందుకు పుట్టాయంటే, ఆట నడిపే కంపెనీ విడి కార్డులు అమ్మే అంగడి పెట్టలేదు. తొలినాళ్ళలో ఆటగాళ్ళు గంటలకొద్దీ చాట్‌లో 'ఇది కావాలి, అది ఇస్తాను' అని రాసుకుంటూ కూర్చునేవాళ్ళు. ఆ ఖాళీని బాట్లు నింపాయి. బిట్‌కాయిన్ చరిత్రలో పేరు మోసిన మారకం సైట్ మౌంట్ గాక్స్ పేరు వెనుక ఉన్నది కూడా ఈ ఆటే. ప్రోగ్రామర్ జెడ్ మెక్‌కాలెబ్ 2007లో ఆ వెబ్ చిరునామా తీసుకున్నది మ్యాజిక్ ఆన్‌లైన్ కార్డుల మారకం కోసం. 2010లో దాన్ని బిట్‌కాయిన్ వైపు తిప్పాడు.

ఖాతా, టిక్కెట్లు, ఖర్చుకో గీత

మ్యాజిక్ ఆన్‌లైన్ విండోస్ కంప్యూటర్ మీద నడుస్తుంది. ఫోన్‌లో ఆడదామనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, వాళ్ళకి అరీనా ఉంది. ఖాతా తెరవడం ఒక ఎత్తు, ట్రేడింగ్‌తో సహా అన్నీ వాడుకునేలా దాన్ని అప్‌గ్రేడ్ చేసుకోవడం ఇంకో ఎత్తు. అప్‌గ్రేడ్‌కి కొద్ది డాలర్ల ఖర్చు ఉంటుంది. కట్టేముందు ఆటలోని స్టోర్‌లో ఆ రోజు ధర చూసుకోండి.

ఇక్కడ చెలామణి అయ్యే నాణెం పేరు ఈవెంట్ టిక్కెట్. అందరూ 'టిక్స్' అంటారు. స్టోర్‌లో ఒక్కోటి ఒక డాలర్. పోటీల్లో ప్రవేశానికి ఇదే కడతారు, బాట్ల దగ్గర కార్డులు కొనేదీ దీనితోనే. దీని పక్కన ప్లే పాయింట్లని ఇంకోటి ఉంటుంది. పోటీల్లో గెలిస్తే వస్తాయి, 10 పాయింట్లు ఒక టిక్కెట్‌తో సమానంగా ప్రవేశానికి పనికొస్తాయి. కానీ వాటిని ఎవరికీ ఇవ్వలేరు, బాట్ తీసుకోదు. కొత్తవాళ్ళు ఈ రెండింటినీ కలిపి లెక్కేసుకుని 'నా దగ్గర ఇంత ఉంది' అనుకుంటారు. అమ్ముకోగలిగింది టిక్కెట్లు, కార్డులు మాత్రమే.

నెలకు ఎంత అన్నది టిక్కెట్లలో కాదు, రూపాయల్లో రాసి పెట్టుకోండి. ఒక్క డాలరే కదా అనిపిస్తుంది, అలా పది సార్లు అనిపిస్తుంది. నేను ఒక నోట్‌బుక్‌లో మూడే గడులు గీశాను: పెట్టిన డబ్బు, బయటికి తీసిన డబ్బు, పోటీ ప్రవేశాలకు ఖర్చయింది. కార్డుల 'ప్రస్తుత విలువ'కు గడి పెట్టలేదు. అమ్మేదాకా అది డబ్బు కాదు.

ముందు ఫార్మాట్, తర్వాత డెక్, ఆఖరున కార్డులు

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు లోపల ఏముందో తెలియని కార్డుల ప్యాకులు కొంటారు, వచ్చిన కార్డులు చూసుకుంటారు, వాటితో ఏం ఆడాలా అని ఆలోచిస్తారు. మొదట ఏ ఫార్మాట్ (ఏ కార్డులు చెల్లుతాయో చెప్పే ఆట రకం) ఆడతారో నిర్ణయించుకోండి, తర్వాత దానికి తగ్గ డెక్ (ఆడటానికి పేర్చుకునే కార్డుల కట్ట).

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే నా సలహా పాపర్. అందులో కామన్ రకం, అంటే ప్యాకుల్లో ఎక్కువగా వచ్చే కార్డులే వాడాలి. చౌక కదా అని తేలిగ్గా అనుకోవద్దు, ఆలోచన బాగా కావాలి, ఏళ్ళ తరబడి ఆడేవాళ్ళున్నారు. ఇంకా తక్కువలో కావాలంటే పెన్నీ డ్రెడ్‌ఫుల్ ఉంది. అది ఆటగాళ్ళే 2016లో పెట్టుకున్న ఫార్మాట్. ధర 0.02 టిక్కెట్ లేదా అంతకన్నా తక్కువ ఉన్న కార్డులే చెల్లుతాయి. స్టాండర్డ్ అనే, ఇటీవలి కార్డులతో ఆడే ఫార్మాట్‌లోకి కొత్త సెట్ (ఒకేసారి విడుదలయ్యే కార్డుల విడత) వచ్చినప్పుడల్లా ఆ జాబితా మారుతుంది. అరవై కార్డుల డెక్ మొత్తం ఒకటి రెండు టిక్కెట్లలో వచ్చేస్తుంది. బాట్లతో లావాదేవీ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు, ఎందుకంటే ఎక్కడ తప్పు చేసినా పోయేది పైసలే.

పాత కార్డుల మీద మోజున్నవాళ్ళకి వింటేజ్, లెగసీ ఉన్నాయి. 1993 నాటి కాగితం బ్లాక్ లోటస్ వేల డాలర్లు పలుకుతుంది. అదే కార్డు మ్యాజిక్ ఆన్‌లైన్‌లో దానిలో అతి చిన్న వంతుకు దొరుకుతుంది. కాగితంలో ఈ జన్మకు ఆడలేని డెక్‌ని ఇక్కడ ఆడగలగడమే చాలామంది ఇన్నేళ్ళుగా ఈ పాత ప్రోగ్రాంని అంటిపెట్టుకుని ఉండటానికి కారణం.

ఫార్మాట్ తేలాక ఎంటీజీ గోల్డ్‌ఫిష్ సైట్‌లో డెక్ జాబితాలు చూడండి. పక్కనే టిక్కెట్లలో ధర ఉంటుంది. నచ్చిన డెక్‌ని ఫైల్‌గా దించుకుని ఆటలోకి ఎక్కిస్తే, మీ దగ్గర ఏవి ఉన్నాయో, ఏవి లేవో ఆటే చూపిస్తుంది. ఆ లేనివే మీ కొనుగోలు చీటీ. కిరాణాకు చీటీ లేకుండా వెళ్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

బాట్ దగ్గర కొనడం

పేరున్న కొట్లు కొన్ని ఉన్నాయి: కార్డ్‌హోర్డర్, గోట్‌బాట్స్, ఎంటీజీఓ ట్రేడర్స్. వీటికి సొంత వెబ్‌సైట్లున్నాయి, ధరలు అక్కడే కనిపిస్తాయి. మొదటిసారి వీటిలో ఒకదానితోనే చేయండి. పద్ధతి ఇదీ:

1. రెండు మూడు సైట్లలో మీ చీటీలోని ఖరీదైన కార్డుల ధర చూడండి. చిల్లర కార్డుల కోసం పోల్చుకుంటూ గంట గడపడం దండగ.

2. బాట్ పేరును ఆ వెబ్‌సైట్ నుంచే కాపీ చేసుకోండి. ఆటలో వెతికితే అచ్చం అలాగే కనిపించే పేర్లు తగలొచ్చు. ఇంగ్లిష్ 'ఓ' బదులు సున్నా, 'ఎల్' బదులు 'ఐ'. చూపుకి తేడా తెలియదు.

3. మీ ట్రేడ్ బైండర్ మార్చండి. అవతలివాళ్ళకి మీ కార్డుల్లో ఏవి కనిపించాలో చెప్పేది ఈ బైండర్. కొనడానికి వెళ్తున్నప్పుడు అందులో టిక్కెట్లు తప్ప ఇంకేమీ ఉండకూడదు.

4. ట్రేడ్ తెరిచి, కావలసిన కార్డులు ఎంచుకోండి. బాట్ చాట్‌లో మొత్తం ఎంతయిందో చెప్తుంది, మీ వైపు నుంచి అంతకు సరిపడా టిక్కెట్లు తీసుకుంటుంది.

5. ఆఖరి అంగీకారం నొక్కే ముందు రెండు వైపులా ఒక్కో లైనూ చదవండి. ఎన్ని కార్డులు, ఏ సెట్‌వి, ఎన్ని టిక్కెట్లు. ఒకే పేరున్న కార్డు వేర్వేరు సెట్లలో, మెరిసే ఫాయిల్ రకంలో వేర్వేరు ధరల్లో ఉంటుంది. ఆటలో అన్నీ ఒకేలా పనిచేస్తాయి కాబట్టి చౌక రకం చాలు.

ఇక చిల్లర సంగతి. టిక్కెట్‌ని ముక్కలు చేయలేం, కానీ కార్డు ధర 0.37 అని ఉంటుంది. మీరు 3.37 విలువైన కార్డులు తీసుకుంటే బాట్ 4 టిక్కెట్లు తీసుకుని, మిగిలిన 0.63 మీ పేరు మీద జమ రాసుకుంటుంది. మళ్ళీ వచ్చినప్పుడు వాడుకోవచ్చు. ఊళ్ళో కొట్టువాడి దగ్గర ఖాతా ఉన్నట్టే. కాకపోతే ఆ జమ ఆ కొట్టులోనే చెల్లుతుంది, ఆ కొట్టు మూసేస్తే పోతుంది. అందుకే పది బాట్ల దగ్గర పది చిల్లర జమలు పెట్టుకోకుండా ఒకటి రెండు కొట్లకే కట్టుబడి ఉండండి. నేను మొదట్లో ఎక్కడ ఒక పైసా తక్కువ కనిపిస్తే అక్కడికి పరిగెత్తాను. ఒక చిన్న బాట్ దగ్గర అరటిక్కెట్ పైగా జమ మిగిలింది. నెల తర్వాత చూస్తే ఆ ఖాతా కనిపించలేదు. మొత్తం చిన్నదే, బాధ మాత్రం చాలా రోజులుంది.

ఉచితంగా కార్డులిచ్చే బాట్లు కూడా ఉన్నాయి. అమ్ముడుపోని కామన్ కార్డుల్ని కొత్తవాళ్ళకి కొన్ని చొప్పున పంచిపెడతాయి. ఖాతా తెరిచిన వారంలో వాటి దగ్గరికి వెళ్తే పాపర్‌కి పనికొచ్చేవి కొన్ని దొరకొచ్చు.

అమ్మడంలోనే అసలు జాగ్రత్త

బాట్ అమ్మే ధర వేరు, కొనే ధర వేరు. ఆ మధ్య తేడాయే వ్యాపారి బతుకుతెరువు, దాన్ని తప్పు పట్టలేం. లెక్క కోసం అనుకోండి: ఒక కార్డుని బాట్ 20 టిక్కెట్లకు అమ్ముతూ 18కి కొంటోంది. మీరు కొని, వారం ఆడి అమ్మేస్తే ధర కదలకపోయినా 2 టిక్కెట్లు పోయాయి. అది ఆ వారం ఆటకు కట్టిన రుసుము అనుకుంటే సరిపోతుంది. కానీ నెలకు నాలుగు డెక్‌లు మారిస్తే నాలుగు సార్లు కట్టినట్టు. గిరాకీ ఉన్న ఖరీదైన కార్డుల్లో ఈ తేడా శాతంలో తక్కువగా ఉంటుంది. పావు టిక్కెట్ కార్డుల్లో సగానికి సగం పోవచ్చు. కామన్ కార్డులు గుట్టలుగా అమ్మినా వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అందుకే అమ్మకానికి పెట్టేవి విలువైనవి మాత్రమే.

అమ్మేటప్పుడు బైండర్ మరింత ముఖ్యం. నేను మూడు కార్డులు అమ్ముదామని వెళ్ళి, బైండర్ మార్చడం మర్చిపోయాను. నా కార్డులన్నీ దానికి కనిపించాయి. బాట్ తనకు కావలసినవన్నీ ఎంచుకుంది. అనుకున్నదానికన్నా మొత్తం ఎక్కువ కనిపించేసరికి సంబరపడి ఒప్పుకున్నాను. ఆ రాత్రి లీగ్ అనే పోటీలో చేరబోతే డెక్ చెల్లదని వచ్చింది. నాలుగు ముఖ్యమైన కార్డులు వెళ్ళిపోయాయి. వాటిని తెల్లారి అదే కొట్టు నుంచి ఎక్కువ ధరకు తిరిగి కొనుక్కున్నాను. బాట్ ఏ తప్పూ చేయలేదు, నేను చూపించినవే తీసుకుంది. అప్పటి నుంచి 'అమ్మకం' అని వేరే బైండర్ పెట్టుకున్నాను. అందులో ఆ రోజు అమ్మేవే ఉంటాయి.

ఖరీదైన కార్డయితే రెండు కొట్ల కొనుగోలు ధర చూడండి. ఒక కొట్టులో ఇప్పటికే పది ఉంటే తక్కువిస్తుంది, నిండుకుంటే ఎక్కువిస్తుంది.

ఎప్పుడు కొనాలి, ఎప్పుడు ఆగాలి

కొత్త సెట్ వచ్చిన మొదటి రోజుల్లో ధరలు మండిపోతుంటాయి. కార్డులు తక్కువ, ఆత్రం ఎక్కువ. డ్రాఫ్టులు (ప్యాకులు తెరిచి, అక్కడికక్కడే డెక్ పేర్చుకుని ఆడే పోటీలు) సాగేకొద్దీ అందరూ ప్యాకులు తెరుస్తారు, సరుకు పెరుగుతుంది, చాలా కార్డులు దిగుతాయి. కొద్ది వారాలు ఆగగలిగితే అదే కార్డు మామిడి సీజన్ మధ్యలో మామిడిలా దొరుకుతుంది.

రెండోది నిషేధాల ప్రకటన. కార్డు మరీ బలంగా ఉంటే దాన్ని ఒక ఫార్మాట్ నుంచి తీసేస్తారు. 2019 నవంబర్‌లో 'ఓకో' అనే కార్డు స్టాండర్డ్ నుంచి, 2024 ఆగస్టులో 'నాడు' అనే కార్డు, అదే ఏడాది డిసెంబర్‌లో 'ది వన్ రింగ్' మోడరన్ అనే ఫార్మాట్ నుంచి పోయాయి. అలాంటి రోజున ధర గంటల్లో పడుతుంది, బాట్లు కొనుగోలు ధరను ముందే దించేస్తాయి. ప్రకటన తేదీలు ముందుగానే తెలుస్తాయి కాబట్టి, అందరూ తిట్టుకుంటున్న కార్డుని ఆ ముందు వారంలో కొనకండి. హార్త్‌స్టోన్‌లో ఇలా కార్డు బలం తగ్గిస్తే కొన్నాళ్ళపాటు దాన్ని పూర్తి డస్ట్‌కి (అక్కడ కార్డులు తయారుచేసుకునే ముడిసరుకు) మార్చుకోనిస్తారు. ఇక్కడ ఆ దయ లేదు. అమ్ముకునే స్వేచ్ఛ ఉన్నచోట పడిపోయే ప్రమాదం కూడా మనదే.

ప్యాకులు, డ్రాఫ్టులు, చెస్టులు

విడి కార్డు కోసం ప్యాకు తెరవకండి. ప్యాకులో వచ్చేవాటి విలువ కలిపితే, చాలాసార్లు ప్యాకు ధర రాదు. ప్యాకులకు సరైన చోటు డ్రాఫ్టు, ఎందుకంటే అక్కడ మీరు కొనేది ఆట. డ్రాఫ్ట్ లీగ్‌లో మూడు మ్యాచ్‌లు, సొంత డెక్‌తో ఆడే లీగ్‌లో ఐదు. డెక్ లీగ్ ప్రవేశం 10 టిక్కెట్లు లేదా 100 ప్లే పాయింట్లు. సగం మ్యాచ్‌లు గెలవడం రాకముందే వరుసగా లీగ్‌లు ఆడితే టిక్కెట్లు నీళ్ళలా ఖర్చవుతాయి. మొదటి నెల ఉచిత సరదా గదుల్లో ఆడండి.

బహుమతిగా ట్రెజర్ చెస్టులు, అంటే లోపల ఏముందో తెలియని పెట్టెలు వస్తాయి. వాటిని తెరవొచ్చు, తెరవకుండా బాట్‌కి అమ్మొచ్చు. తెరిస్తే అదృష్టం, అమ్మితే ఖాయమైన టిక్కెట్లు. నాకు టిక్కెట్లు అవసరమైనప్పుడల్లా తెరవకుండానే అమ్ముతాను, ఇన్నేళ్ళలో దానికి చింతించలేదు.

ఒక డెక్ నచ్చుతుందో లేదో తెలియకపోతే అద్దె పద్ధతి కూడా ఉంది. కార్డ్‌హోర్డర్ లాంటి కొట్లు డెక్ విలువను బట్టి రుసుము తీసుకుని కార్డులు వాడుకోనిస్తాయి. తరచూ డెక్‌లు మార్చేవాళ్ళకి ఇది కొనడం కన్నా చౌక. ఒకే డెక్‌ని ఆరు నెలలు ఆడేవాళ్ళకి దండగ.

పోగేయాలనే కోరిక ఉంటే

ఇది తప్పేమీ కాదు. ఆడటం కన్నా సేకరించడంలోనే ఆనందం ఉన్నవాళ్ళు చాలామంది. కాకపోతే హద్దున్న లక్ష్యం పెట్టుకోండి: పాపర్‌లో ఆడే కార్డులన్నీ నాలుగేసి, లేదా ఒక చిత్రకారుడు బొమ్మ వేసినవన్నీ, లేదా మీరు మొదట ఆడిన సెట్ పూర్తిగా. కొన్ని సెట్లకు రిడెంప్షన్ ఉంటుంది, అంటే పూర్తి డిజిటల్ సెట్ అప్పగించి, రుసుము కట్టి, కాగితం సెట్ తెప్పించుకోవడం. అది ఏ సెట్లకు, ఏ దేశాలకు వర్తిస్తుందో ముందు చూసుకోండి.

పెట్టుబడిగా మాత్రం పోగేయొద్దు. నియమాల్లో రాసే ఉంటుంది: ఈ కార్డులు మీ ఆస్తి కావు, వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. వాల్వ్ సంస్థ 2018 నవంబర్‌లో ఆర్టిఫాక్ట్ అని ఇలాగే కార్డులు అమ్ముకునే ఆట తెచ్చింది. 2021 మార్చిలో దాని మీద పని ఆపేశామని ప్రకటించింది. ఆ కార్డులు దాచుకున్నవాళ్ళ చేతిలో విలువ పెద్దగా మిగల్లేదు.

మార్పిడి లేని ఆటల్లో అయితే

క్లుప్తంగా చెప్తాను. హార్త్‌స్టోన్‌లో అన్నిటికన్నా అరుదైన లెజెండరీ కార్డు తయారుచేయడానికి 1600 డస్ట్ కావాలి, దాన్ని కరిగిస్తే వచ్చేది 400. కామన్‌కి 40 పెడితే 5 తిరిగొస్తుంది. అంటే కరిగించిన ప్రతిసారీ ముప్పావు వంతో అంతకన్నా ఎక్కువో పోతుంది. అదనంగా వచ్చిన కార్డులు తప్ప కరిగించకండి. మ్యాజిక్ అరీనాలో వైల్డ్‌కార్డులే (కావలసిన కార్డుగా మార్చుకోగలిగేవి) మీ అసలు సంపద. ఒక పూర్తి డెక్ కళ్ళ ముందు ఉండేదాకా వాటిని ముట్టుకోకండి. రోజూ వచ్చే ఉచిత బంగారం (ఆటలోని నాణేలు) తీసుకుంటే నెలకి ఎంత వస్తుందో చూశాకే డబ్బు మాట ఆలోచించండి.

ఆ బంగారం కోసం ఆట ఆడిపెట్టే బాట్ అమ్ముతామని ఎవరైనా వస్తే దూరంగా ఉండండి. ఖాతా పోతుందన్నది ఒక్కటే భయం కాదు. ఆ ప్రోగ్రాం మీ కంప్యూటర్‌లో ఏం చేస్తుందో మీకు తెలియదు. పైగా అవతల ఒక మనిషి సాయంత్రం ఓ గంట దొరికిందని ఆడటానికి కూర్చుంటాడు. అతని ఎదుట యంత్రాన్ని నిలబెట్టడం నాకు సహించదు. మ్యాజిక్ ఆన్‌లైన్‌లో కూడా అంతే: బాట్ కొట్టు నడపొచ్చు, మ్యాచ్ ఆడకూడదు.

ఇండియా నుంచి ఆడేవాళ్ళకి

బ్యాంకు కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు మీరే ఆన్ చేసుకోవాలి, కొత్త కార్డులకు అది మూసే ఉంటుంది. పరిమితి మీ నెల బడ్జెట్‌కి మించకుండా పెట్టుకుంటే మంచి కాపలా అవుతుంది. డాలర్ ధర పైన బ్యాంకు మార్పిడి రుసుము, దాని మీద పన్ను కలుస్తాయి. కాబట్టి ఐదైదు డాలర్లుగా కాకుండా లెక్క చూసి ఒకేసారి కొనండి.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధాలు తెచ్చాయి. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చింది. నైపుణ్యం ఆటలా కాదా అన్నదానితో సంబంధం లేకుండా, రుసుము కట్టి డబ్బో దానికి సమానమైనదో గెలవాలని ఆడే ఆటలన్నిటినీ కలుపుకునేలా అందులో నిర్వచనం విస్తారంగా ఉంది. కార్డులు కొనుక్కుని స్నేహితులతో సరదాగా ఆడటం ఒకటి, టిక్కెట్లు కట్టి బహుమతి లీగ్‌లో దిగడం ఇంకొకటి. రెండోదాని ముందు ఆ చట్టం చదవండి, అనుమానం ఉంటే దిగకండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళు తమ రాష్ట్రం నిబంధనలు చూసుకోవాలి.

ఆపేయాలనుకున్న రోజు

మొదట ఖరీదైనవి అమ్మండి, ఒకేసారి కాకుండా రెండు మూడు కొట్ల మధ్య పంచి. చిల్లర జమలన్నీ ఆ అమ్మకాలతో కలిసి నిండు టిక్కెట్లుగా మారేలా చూసుకోండి. చెస్టులు, తెరవని ప్యాకులు ఆ తర్వాత. చేతిలో టిక్కెట్లు మాత్రమే మిగిలాక, వాటిని డాలర్లకు కొనే పెద్ద వ్యాపారుల దగ్గరికి వెళ్ళండి. డాలర్ కన్నా తక్కువే ఇస్తారు, ఆ తేడా కూడా ముందే లెక్కలో వేసుకోండి. పాస్‌వర్డ్‌తో సహా ఖాతానే అమ్మేయమని అడిగేవాళ్ళు వస్తారు, ఒప్పుకోకండి. అది నియమాలకు విరుద్ధం, మీ ఈమెయిల్, చెల్లింపుల వివరాలు కూడా దానితో వెళ్ళిపోతాయి.

పాపర్ డెక్ మాత్రం ఉంచుకోండి. అమ్మినా చేతికి ఏమీ రాదు. ఎప్పుడో ఒక వర్షాకాలం సాయంత్రం ఆడాలనిపిస్తే, లాగిన్ అవ్వగానే అరవై కార్డులూ అక్కడే ఉంటాయి.